శాన్ డియేగోలో ఎస్‌బీఎల్ వార్షిక సమావేశం: వెళ్లదలచిన తెలుగు అధ్యాపకులకు, పరిశోధకులకు ఒక సమీక్ష

అమెరికాలోని బైబిలు పండితుల సంస్థ సొసైటీ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్ ఏటా నవంబరులో జరిపే సమావేశానికి వెళ్లడం వల్ల ప్రయోజనం ఉందా అని మన వేదాంత కళాశాలల అధ్యాపకులు, విదేశాల్లో పరిశోధన చేస్తున్న మన విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. 2024 నవంబరు 23 నుంచి 26 వరకు కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో జరిగిన సమావేశంలో పాల్గొని, ఒక పరిశోధన పత్రం చదివి వచ్చిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం ఇక్కడ దక్కుతుంది, కాని ఏదో ఒక విభాగాన్ని ఎంచుకుని దాన్ని విడవకుండా కూర్చున్నవారికే దక్కుతుంది. అన్నీ చూసేద్దామని గదిగదికీ తిరిగేవారికి మిగిలేది కాళ్లనొప్పులూ కొన్ని విజిటింగ్ కార్డులూ మాత్రమే.

ముందుగా సంస్థ గురించి కొంత చెప్పాలి. ఎస్‌బీఎల్ అని అందరూ పొట్టిగా పిలిచే ఈ సంస్థ 1880 జనవరిలో న్యూయార్క్‌లో, చర్చి చరిత్రకారుడు ఫిలిప్ షాఫ్ చదువుల గదిలో కూడిన కొద్దిమంది పండితులతో మొదలైంది. దీని పరిశోధన పత్రిక, జర్నల్ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్, ఆ దశాబ్దం ఆరంభం నుంచీ వెలువడుతూనే ఉంది. 1894లోనే ఒక మహిళను సభ్యురాలిగా చేర్చుకున్న సంస్థకు మహిళను అధ్యక్ష పీఠం మీద కూర్చోబెట్టడానికి మాత్రం 1987 దాకా పట్టింది. ఆ ఏడాది అధ్యక్షురాలు ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా బోస్టన్‌లో చేసిన ప్రసంగంలో, పండితుడు తన వ్యాఖ్యానం సమాజంలో ఏం చేస్తుందో దానికి కూడా బాధ్యత వహించాలని వాదించారు. ఆ వాదం మీద చర్చ నేటికీ ఆగలేదు. 2010లో విన్సెంట్ వింబుష్ మొదటి ఆఫ్రికన్ అమెరికన్ అధ్యక్షుడయ్యారు. 2019లో ఇదే శాన్ డియేగోలో, ఆసియా మూలాలున్న అమెరికన్లలో మొదటిసారిగా గేల్ యీ అధ్యక్షోపన్యాసం చేశారు. ఏటా జరిగే ఈ అధ్యక్షోపన్యాసం మరుసటి ఏడాది జర్నల్ మొదటి సంచికలో అచ్చవుతుంది కనుక దానికోసం ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోనక్కరలేదు. అయినా ఆ సాయంత్రం హాలులో కూర్చుని వింటే, సంస్థ తన గురించి తాను ఏమనుకుంటోందో అర్థమవుతుంది.

ఈ సమావేశం ఒక్క ఎస్‌బీఎల్‌దే కాదు. అన్ని మతాల అధ్యయనానికీ వేదికైన అమెరికన్ అకాడమీ ఆఫ్ రెలిజియన్ కూడా అదే ఊళ్లో, అవే రోజుల్లో సమావేశమవుతుంది. 2008 నుంచి మూడేళ్లపాటు రెండూ విడిపోయి వేర్వేరుగా జరిపి, 2011లో శాన్ ఫ్రాన్సిస్కోలో మళ్లీ కలిశాయి. కోవిడ్‌కు ముందు రెంటికీ కలిపి దాదాపు పదివేలమంది వచ్చేవారు. ఒక సంస్థలో పేరు నమోదు చేసుకుంటే రెండో దాని సెషన్లకూ వెళ్లవచ్చు కనుక, హిందూ మతం, జైనం, దక్షిణాసియా మతాల విభాగాల్లో ఏం జరుగుతోందో కూడా చూసే వీలుంది. దీన్ని లాభంగానూ చూడవచ్చు, ఉచ్చుగానూ చూడవచ్చు. హెబ్రీ బైబిలు, అంటే పాత నిబంధన, మీద పనిచేసేవాడు పక్క భవనంలో భక్తి సాహిత్యం మీద సెషన్ ఉందని తెలిసి కుతూహలంతో వెళ్తే, తన రంగంలోని మంచి చర్చ ఒకటి చేజారినట్టే.

శాన్ డియేగో కన్వెన్షన్ సెంటరు సముద్రపు ఒడ్డునే ఉంది. తెరచాపల ఆకారపు తెల్లని పైకప్పున్న ఈ భవనాన్ని ప్రపంచంలో చాలామంది ఏటా జరిగే కామిక్స్ అభిమానుల ఉత్సవం కామిక్‌కాన్ వల్ల ఎరుగుదురు. భవనం చాలా పొడవైనది. ఒక చివర నుంచి మరో చివరకు నడిచి, అక్కడినుంచి పక్క హోటలులోని గదికి చేరాలంటే సెషన్ల మధ్య విరామం సరిపోదు. నవంబరులోనూ చలి బాధించదు. చలికాలపు బోస్టన్, డెన్వర్‌లతో పోలిస్తే మన ప్రాంతంనుంచి వెళ్లేవారికి ఇది సుఖమైన ఊరు. విమానాశ్రయం ఊరికి ఆనుకునే ఉంటుంది. 992 నంబరు సిటీ బస్సు నగర మధ్యంలో దింపుతుంది (2024లో టికెట్టు రెండున్నర డాలర్లు) కనుక టాక్సీ అవసరం లేదు. వసతి సంగతికి వస్తే, సంస్థ మాట్లాడిపెట్టిన హోటళ్లలో గదులు తొందరగా అయిపోతాయి. నేను దిగిన హోటలులో బుకింగ్ సమయంలో చూపిన ధరమీద రోజువారీ సదుపాయాల రుసుమంటూ మరికొంత చేర్చి వసూలు చేశారు. గది తీసుకునేముందు ఆ రుసుము ఎంతో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక అసలు విషయం, సెషన్లు. ఒక్కో సెషన్ రెండున్నర గంటలు నడుస్తుంది. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్కో సెషన్‌లో మామూలుగా నలుగురైదుగురు పత్రాలు చదువుతారు. ఒక్కొక్కరికి అరగంట లోపు సమయం ఇస్తారు. అందులోనే ప్రశ్నలు కూడా అయిపోవాలి. ఒకే వేళలో పదులకొద్దీ గదుల్లో సెషన్లు జరుగుతుంటాయి. గదులంటే నిజానికి హోటలు విందుశాలలను కదిలే అడ్డుగోడలతో విడదీసిన ముక్కలు. అవతలి సెషన్‌లో నవ్వుకుంటే ఇవతల విలాపవాక్యముల మీద పత్రం చదువుతున్న వ్యక్తి మాట తడబడుతుంది. ముందు వరసలో కూర్చున్న సెషన్ అధ్యక్షుడు ఐదు నిమిషాలు, ఒక నిమిషం అని రాసిన కాగితాలను పట్టుకుని ఉంటాడు. ఒక నిమిషం కాగితం పైకి లేచేసరికి మూడు పేజీలు మిగిలిపోయిన వక్త, వేగం పెంచి మిగతాదంతా ఒక్క గుక్కలో చదివేస్తాడు. వెనక బల్లమీద నీళ్ల కూజా, గ్లాసులు ఉంటాయి. వాటి దగ్గరికి వెళ్లే నెపంతో లేచి బయటికి జారుకునేవాళ్లు ప్రతి సెషన్‌లోనూ కనిపిస్తారు.

ఈ పద్ధతిలో పెద్ద లోపం ఒకటుంది. ఇక్కడ పత్రం చెప్పరు, చదువుతారు. అచ్చు కోసం రాసిన వాక్యాలను, అధస్సూచికలతో సహా తయారైన గద్యాన్ని, తల ఎత్తకుండా ఇరవై నిమిషాలు చదివితే విన్నవారికి అందేది తక్కువ. గ్రీకు వాక్యాలున్న కాగితాన్ని ముందే పంచినవారి పత్రం అర్థమవుతుంది, పంచనివారిది సగమే అర్థమవుతుంది. మన అవధానులు పృచ్ఛకుణ్ణి చూస్తూ పద్యం చెప్పగలిగినప్పుడు, ఏళ్లతరబడి ఒకే అధ్యాయం మీద పనిచేసిన పండితుడు ఆ విషయాన్ని సభను చూస్తూ ఎందుకు చెప్పలేడన్నది నాకు అంతుపట్టలేదు. ఎవరి పేరు విన్నా గది నిండిపోయే పెద్దల విషయంలోనూ ఇదే పరిస్థితి. పేరు చూసి వెళ్లిన ఒక గదిలో గోడవారగా నిలబడి విన్నదానికన్నా, పదిమంది కూడా లేని ఒక గదిలో ఒక పరిశోధక విద్యార్థిని సీరాకు అనే ప్రాచీన యూదు జ్ఞానగ్రంథపు హెబ్రీ ప్రతుల గురించి మాట్లాడినప్పుడు నేర్చుకున్నదే ఎక్కువ.

అలాగని అన్ని సెషన్లూ ఒకే మూసలో ఉండవు. కార్యక్రమ పట్టికలో సెమినారు అని ఉన్న విభాగాల్లో పత్రాలను ముందే పంపుతారు, వచ్చినవాళ్లు చదువుకునే వస్తారు, గదిలో కేవలం చర్చ జరుగుతుంది. సెక్షన్ అని ఉన్నవాటిలో పత్రాలు చదవడమే ప్రధానం. ఈ తేడా మొదటిసారి వెళ్లేవారికి ఎవరూ చెప్పరు. ఇంకొక మంచి రకం, పుస్తక సమీక్ష సెషన్. ఒక కొత్త గ్రంథం మీద ముగ్గురు నలుగురు నిపుణులు విమర్శలు వినిపిస్తే, గ్రంథకర్త అక్కడే కూర్చుని విని, చివర సమాధానం చెబుతారు. అచ్చులో మర్యాదగా దాటవేసే అభ్యంతరాలు అక్కడ నేరుగా బయటికొస్తాయి. గ్రంథకర్త ఏ ప్రశ్నకు వెంటనే జవాబిచ్చారో, ఏ ప్రశ్నకు కలం తీసి రాసుకున్నారో గమనిస్తే ఆ పుస్తకంలో ఎక్కడ బలముందో, ఎక్కడ లేదో తెలిసిపోతుంది. అచ్చయిన సమీక్షలు ఎన్ని చదివినా ఈ సంగతి దొరకదు.

నేను పట్టుకుని కూర్చున్న విభాగం క్రొత్త నిబంధన ప్రతుల పరిశోధనది. వేమన పద్యాల తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, పండితులచేత పోల్చి చూపించి, పాఠాంతరాలు గుర్తించిన సి.పి. బ్రౌన్ పని తెలిసిన తెలుగువారికి ఈ విభాగంలోని మాటలు పరాయివిగా అనిపించవు. అపొస్తలుడు పౌలు తొలి సంఘాలకు రాసిన పత్రికల, అంటే లేఖల, ప్రతుల్లో మనకు దొరికిన అతి ప్రాచీనమైనవాటిలో ఒకటైన 46వ పపైరస్ (రెల్లు కాగితపు చేతిరాత ప్రతి)లో కొన్ని ఆకులు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో, మిగిలినవి అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఆ ప్రతిలో హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చివరెక్కడో కాక, రోమీయులకు వ్రాసినదాని వెంటనే వస్తుంది. తెరమీద ఆ ఆకు ఫొటోను పెంచి చూపుతూ, లేఖకుడు ఒక పత్రిక ముగించి మరొకటి మొదలుపెట్టిన చోటును ఒకాయన వివరిస్తుంటే, ఆ పత్రిక పౌలుదేనా కాదా అని మన సెమినరీల్లో ఏటా జరిగే వాదనకు ఒక ప్రాచీన సాక్షి వచ్చి ఎదురుగా కూర్చున్నట్టనిపించింది. ఆ ప్రతిని సంకలనం చేసినవారు ఏమని తలచారన్నది ఒక ప్రశ్న, అసలు రాసినవారెవరన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలపకూడదని ఆయన నొక్కి చెప్పారు. జర్మనీలో తయారవుతున్న గ్రీకు క్రొత్త నిబంధన బృహత్ పరిష్కరణ, ఎడిషియో క్రిటికా మాయోర్, మీద కూడా వాడిగా చర్చ నడిచింది. అందులో అపొస్తలుల కార్యములు 2017లో, మార్కు సువార్త 2021లో, ప్రకటన గ్రంథం 2024లో వెలువడ్డాయి. కంప్యూటరు సాయంతో పాఠాల వంశవృక్షాన్ని కట్టే పద్ధతిని అంగీకరించేవారూ, అనుమానించేవారూ ఒకే గదిలో ఉండగా ఆ చర్చ వినడం వేరు, పుస్తకంలో చదవడం వేరు.

ఈ విభాగంలో మరొక విశేషం గమనించాను. ఏ ప్రతి గురించి మాట్లాడినా, అది ఎక్కడ దొరికింది, ఎవరి చేతుల్లోంచి వచ్చింది, దాన్ని మొదట ఎప్పుడు నమోదు చేశారు అన్న ప్రశ్నలు మొదటే వస్తాయి. దీనికి కారణముంది. వాషింగ్టన్‌లో 2017లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ద బైబిల్ మృతసముద్రపు చుట్టల (రెండువేల ఏళ్లనాటి యూదు గ్రంథప్రతుల) ముక్కలని కొన్న పదహారూ నకిలీవని 2020 మార్చిలో తేలింది. పాత తోలుమీద ఆధునిక కాలంలో రాసినవి అవి. అంతకుముందు వాటిలో కొన్నిటిమీద పండితులు పత్రాలు రాశారు, పుస్తకం కూడా వచ్చింది. ఆ దెబ్బ ఇంకా మానలేదని ఈ గదుల్లో తెలుస్తుంది. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేని వస్తువుల గురించి పత్రాలు చదవడం, ప్రచురించడం విషయంలో ఎస్‌బీఎల్‌కు ఇప్పుడు ఒక రాతపూర్వక విధానం ఉంది. మన ఊళ్లలో పాత ఇళ్ల అటకలమీద దొరికే తాళపత్రాలు ఏ చేతులు మారి ఎక్కడికి చేరుతున్నాయో పట్టించుకోని మనం ఈ జాగ్రత్తను నేర్చుకోవచ్చు.

నేను చదివిన పత్రం మాత్రం వేరే విభాగంలో, ఆసియా వ్యాఖ్యానాలకు కేటాయించిన సెషన్‌లో. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయంలో, క్రీస్తు కడపటి విందును తలుచుకునే ప్రభువు బల్ల దగ్గరికి కూడివచ్చిన సంఘంలో ఒకరు ఆకలితో ఉంటే మరొకరు మత్తులో ఉన్నారని మందలిస్తాడు. టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి చూసి పెరిగిన మన దళిత సంఘాలు ఆ మాటలను ఎలా వింటాయన్నది నా విషయం. చదవడం అయ్యాక మొదటి రెండు ప్రశ్నలూ మర్యాదకు అడిగినవే. మూడోది వెనక వరసలోంచి వచ్చింది. రోమన్ ఇళ్ల తవ్వకాల మీద పనిచేసే ఒకావిడ లేచి, “ఆ రెండో గ్లాసు ఎక్కడ పెడతారు? కొట్టు లోపలా, బయట చూరు కిందా?” అని అడిగారు. బయటే, చూరుకు తగిలించి ఉంచుతారని, తాగినవాళ్లే కడిగి పెట్టాలని చెప్పాను. అప్పుడావిడ తన ప్రశ్న వెనక ఉన్నదంతా విప్పి చెప్పారు. కొరింథులోని అనప్లోగా అనే చోట బయటపడ్డ ఇంటిని ఆధారం చేసుకుని, భోజనశాలలో తొమ్మిదిమందికి మించి ఆనాటి పద్ధతిలో వాలి తినడానికి చోటుండదని, మిగతా పేదలు బయటి ముంగిట్లో కూర్చుని ఉంటారని, అందుకే పౌలు మందలించాడని బైబిలు పండితుడు జెరోమ్ మర్ఫీ ఓకానర్ చాలా కాలం కిందట ప్రతిపాదించారు. ఆ ఇల్లు ధనికులదని, సంఘం ఇంకా సామాన్యమైన మేడగదుల్లో కూడి ఉండవచ్చని మరో పండితుడు డేవిడ్ హొరెల్ 2004లో అభ్యంతరం చెప్పారు. లోపలివారిని బయటివారినుంచి విడదీసిన గోడ ఎక్కడ ఉందన్న ప్రశ్న తేలకుండా అవమానం ఎలా జరిగిందో చెప్పలేమని ఆవిడ వాదన. మా ఊరి కొట్టులో గోడ అవసరం లేకుండానే, ఒక చూరుతో, ఒక మేకుతో అదే పని జరుగుతుందని నేనన్నాను. అధ్యక్షుడు సమయం అయిపోయిందని లేచినా, ఆ మాటలు వరండాలో ఇంకో అరగంట సాగాయి. నా పత్రం మూడో భాగాన్ని తిరగరాస్తున్నాను. ఇంత దూరం వచ్చినందుకు ఈ ఒక్క సంభాషణే చాలు.

అయితే అదే సెషన్‌లో కూర్చున్నప్పుడు ఒక సంగతి మనసుకు ముల్లులా తగిలింది. వలస పాలనకు లోనైన ప్రజల దృష్టితో బైబిలును చదవడం గురించి ఈ సమావేశంలో ఎన్నో సెషన్లు జరుగుతాయి. ఆ ప్రజలుండే దేశాలనుంచి నేరుగా వచ్చినవారు మాత్రం ఆ గదుల్లో కొద్దిమందే కనిపిస్తారు. వచ్చినవారిలోనూ ఎక్కువమంది అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నవారో, అక్కడ స్థిరపడినవారో. మన సంఘాల గురించి అక్కడ పత్రాలు చదువుతారు, కాని వాటిని విని అది అలా కాదు అని చెప్పగలిగినవారు సభలో ఉండరు. మనవాళ్ల రచనలను ఆదరంతో ఉటంకించేవారు సైతం, పాతికేళ్ల కిందట ఇంగ్లిషులో వచ్చినవాటి దగ్గరే ఆగిపోయారు. తెలుగులో, తమిళంలో, మలయాళంలో ఇప్పుడేం రాస్తున్నారని అడిగినవారు నాకు ఎదురుపడలేదు.

మనుషుల తీరు గురించి ఒక్క మాట. మెడలో వేలాడే బ్యాడ్జి మీద పేరు కింద సంస్థ పేరు ఉంటుంది. ఎదురొచ్చినవారి కళ్లు మొదట దానిమీదికి పోయి, ఆ తరువాతే మొహంమీదికి వస్తాయి. పేరున్న విశ్వవిద్యాలయమైతే నిలబడి మాట్లాడతారు, కాకపోతే చిరునవ్వుతో సాగిపోతారు. దీన్ని మనసులో పెట్టుకోనక్కరలేదు. రాత్రిపూట సెమినరీలూ విశ్వవిద్యాలయాలూ తమ పూర్వ విద్యార్థుల కోసం హోటళ్లలో ఏర్పాటుచేసే విందుల్లో ఈ బిగువు సడలుతుంది. చాలావాటికి బయటివారు వెళ్లినా ఎవరూ వద్దనరు. పొదుపుగా వెళ్లిన విద్యార్థులకు రాత్రి భోజనం అక్కడే గడిచిపోతుంది. కన్వెన్షన్ సెంటరులో కాఫీ, శాండ్‌విచ్ ధరలు చూశాక ఈ సలహా విలువ తెలుస్తుంది.

పుస్తకాల హాలు గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తికాదు. మన హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో జనం ఉంటారు, ఇక్కడ సరుకు ఉంటుంది. ఈర్డ్‌మన్స్, బేకర్, జొండర్వన్ మూడూ మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్ ప్రాంతానివే. డచ్చి వలసదారులు స్థిరపడిన ఆ చిన్న ప్రాంతం ప్రొటెస్టెంటు ప్రపంచానికి సగం వ్యాఖ్యానాలను అచ్చువేసి పంపుతోందా అనిపిస్తుంది. ట్యూబింగెన్‌నుంచి మోర్ జీబెక్, 2024లోనే ఒకటైన డి గ్రూటర్, బ్రిల్ సంస్థల బల్లలమీద ఉండేవి మరో రకం పుస్తకాలు. సాదా అట్టలు, ఒక్కోటి నూరు యూరోలు దాటిన ధర. మన గ్రంథాలయాల్లో కనిపించని వాటిని అక్కడే నిలబడి, విషయసూచిక, గ్రంథసూచి తిరగేసి, కావలసిన అధ్యాయం ఏదో రాసుకుని రావడం నేను చేసిన పనుల్లో చాలా ఉపయోగపడింది. ఎవరూ కసురుకోరు. 2004నుంచి భాగాలుగా వెలువడుతున్న హెబ్రీ బైబిలు కొత్త పరిష్కరణ, బిబ్లియా హెబ్రాయికా క్వింటాను, వ్యాఖ్యతో సహా చేతిలో పట్టుకుని చూసే అవకాశం నాకు అక్కడే మొదట దొరికింది.

సమావేశపు తగ్గింపు సాధారణంగా ముప్పై నుంచి యాభై శాతం వరకు ఉంటుంది. చివరి రోజున మిగిలిన నమూనా ప్రతులను కొందరు ఇంకా తక్కువకు ఇచ్చేస్తారు, వెనక్కి మోసుకెళ్లడం వారికీ భారమే. కాని కొనేముందు, ఆ పుస్తకానికి మన దేశపు ముద్రణ ఉందేమో చూసుకోవాలి. ఢిల్లీలోని ఐఎస్‌పీసీకే, బెంగళూరులోని థియొలాజికల్ పబ్లికేషన్స్ ఇన్ ఇండియా వంటి సంస్థల దగ్గర అడిగితే కొన్ని ఉపకరణ గ్రంథాలు ఎంతో తక్కువ ధరకు దొరుకుతాయి. ఒక బల్ల దగ్గర ఇండియాకు పంపమని అడిగితే, పుస్తకం ధరకన్నా రవాణా ఖర్చు ఎక్కువ చెప్పారు. విమానంలో 23 కిలోల పెట్టెలో బట్టలు తగ్గించుకుని వెళ్లడమే దీనికి మార్గం.

ఇక ఖర్చు. రిజిస్ట్రేషన్ సభ్యులకే వందల డాలర్లలో ఉంటుంది, విద్యార్థులకు తక్కువ. గది, విమానం, తిండి కలిపితే మన వేదాంత కళాశాల అధ్యాపకుడికి కొన్ని నెలల జీతం. సంస్థ ప్రయాణ సహాయాలు కొన్ని ఇస్తుంది, వాటికోసం పోటీ తీవ్రం. అయితే డబ్బు సమకూరినంత మాత్రాన పని కాదు. పత్రాల ప్రతిపాదనలకు పిలుపు శీతాకాలంలో వస్తుంది, గడువు మార్చిలో ముగుస్తుంది, ఆమోదం వసంతంలో తెలుస్తుంది. నవంబరుకు మిగిలేది ఏడెనిమిది నెలలే. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేటులో సందర్శక వీసా ముఖాముఖికి నిరీక్షణ కోవిడ్ తరువాతి కాలంలో ఏడాది దాటిన రోజులున్నాయి. పత్రం ఆమోదం పొందినా, పట్టికలో పేరు అచ్చయినా, వీసా తేదీ దొరకక ఆగిపోయినవారు మనలో ఉన్నారు. కార్యక్రమ పట్టికలో పేరుండి గదిలో మనిషి లేకపోతే అక్కడివారు బాధ్యత లేనివాడని అనుకోవచ్చు, కారణం వాళ్లకు తెలియదు.

అందుకే, డాక్టరేటు పూర్తిచేయనివారు, ఇంకా తమ విషయమేదో తేల్చుకోనివారు తొందరపడి ఇక్కడికి రానక్కరలేదని నా ఉద్దేశం. ఎస్‌బీఎల్ వేసవిలో అమెరికా బయట వేరే అంతర్జాతీయ సమావేశం జరుపుతుంది. అది 2022లో సాల్జ్‌బర్గ్‌లో, 2023లో ప్రిటోరియాలో, 2024లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. అక్కడ జనం తక్కువ, మాట్లాడుకునే వీలు ఎక్కువ. ఆసియా బైబిలు పండితుల సంఘం, మన దేశంలోని బైబిలు అధ్యయన సంఘం జరిపే సభలు ఇంకా అందుబాటులో ఉంటాయి. ఇంటినుంచి కదలకుండా చేయగలిగింది కూడా ఒకటుంది. తలసరి ఆదాయం తక్కువగా ఉన్న దేశాలవారికి ఎస్‌బీఎల్ తన ప్రచురణలు చాలావాటిని అంతర్జాతీయ సహకార పథకం కింద ఉచితంగా దించుకోనిస్తుంది. వాటిలో ఏ విభాగం నుంచి వచ్చిన వ్యాస సంపుటాలు మీ పనికి దగ్గరగా ఉన్నాయో చూసుకుని, ఆ విభాగానికే ప్రతిపాదన పంపితే ఆమోదం దొరికే అవకాశమూ, దొరికాక గదిలో తగిన శ్రోతలుండే అవకాశమూ పెరుగుతాయి.

వెళ్లాలనే నిశ్చయించుకున్నవారు ఆమోదం కోసం ఎదురుచూడకుండా, ప్రతిపాదన పంపిన వారంలోనే వీసా దరఖాస్తు పెట్టాలి. 2024లో ఆ రుసుము 185 డాలర్లు, అప్పటి మారకంలో పదిహేను వేల రూపాయలు దాటింది. రుసుము కట్టిన నాటినుంచి 365 రోజుల్లోగా ముఖాముఖికి తేదీ తీసుకోవచ్చు కనుక, ఆమోదం రాకపోయినా ఆ డబ్బు వెంటనే వృథా కాదు. ముఖాముఖికి వెళ్లేటప్పుడు సంస్థ ఇచ్చే ఆహ్వాన లేఖ, పత్రం ఆమోదించినట్టు వచ్చిన ఉత్తరం, కళాశాల ప్రిన్సిపాలు ఇచ్చిన సెలవు మంజూరు కాగితం మూడూ వెంట ఉంచుకోవాలి. చివరి రోజైన మంగళవారం ఉదయపు సెషన్‌లో మీ పత్రం వేస్తే, వీలుంటే మార్చమని అప్పుడే అడగండి. ఆనాటికి సగంమంది సూట్‌కేసులతో విమానాశ్రయం దారి పట్టి ఉంటారు.